ఎలక్ట్రానిక్ సంతకము - దాని తాళములు

షోలాపురము, భివండి మొదలు దొడ్డబళ్లాపురము, కంచి, సేలము, బరంపురము, యానాముల వరకు వ్యాపించియున్న మన నేత కుటుంబములలో, కలముతో కాగితముపై పెట్టు సంతకములు ఏటికేడు తగ్గుచున్నవి. జీఎస్‌టీ నమోదు, బ్యాంకు అప్పు పత్రము, ఉత్పత్తిదారుల కంపెనీలు ప్రభుత్వమునకు పంపు వార్షిక పత్రములు, ఇవన్నియు నేడు కంప్యూటరు మీదనో, చేతి ఫోను మీదనో సంతకమగుచున్నవి. ఈ విషయమై సభ్యులు మమ్ము తరచుగా రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. "ఫోనుకు వచ్చిన అంకెలను చెప్పినంత మాత్రమున సంతకము పెట్టినట్లేనా?" అనునది మొదటిది. "మా డిజిటల్ సంతకపు టోకెను లెక్కలు వ్రాయు గుమాస్తా వద్దనే ఉంటున్నది, దానివలన ఏమైన చిక్కు కలదా?" అనునది రెండవది. రెండింటికిని జవాబు అవుననియే. ఎందువలన అవునో తెలియవలెనన్న, ఈ సంతకము ఎట్లు తయారగునో కొంచెము వివరముగా చూడవలసియున్నది.

ముందు చట్టము మాట. మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చేతి సంతకముతో సమానమైన విలువ నిచ్చినది. ఆ చట్టమును 2008లో సవరించి, ఇతర విధములైన ఎలక్ట్రానిక్ సంతకములకు కూడ దారి తెరచిరి. 2015 నుండి ఆధార్ ద్వారా పెట్టు 'ఈ-సైన్' అనునది ఆ దారిననే వచ్చినది. వీలునామా మాత్రము ఈ చట్టమునకు వెలుపలనే ఉన్నది. దానిని పూర్వమువలెనే కాగితముపై వ్రాసి, సాక్షుల యెదుట సంతకము చేయవలెను.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయమును తొలగించుట అవసరము. తెల్ల కాగితముపై సంతకము చేసి, దానిని ఫోటో తీసి, ఆ బొమ్మను బిల్లు మీదనో, ఒప్పందము మీదనో అతికించి పంపుట మన వ్యాపారములో బాగుగా అలవాటైనది. అది చూచుటకు సంతకమువలె ఉండును గాని, చట్టము చెప్పు ఎలక్ట్రానిక్ సంతకము అది కాదు. ఆ బొమ్మ చిక్కినవాడెవడైనను దానిని మరియొక కాగితముపై అతికింపగలడు. నిజమైన ఎలక్ట్రానిక్ సంతకమునకు బొమ్మతో పనిలేదు. అది ఒక లెక్క.

ఆ లెక్క యిట్టిది. సంతకము చేయవలసిన పత్రమును కంప్యూటరు మొదట ఒక గణితసూత్రము గుండ పంపి, ఆ పత్రమునకు మాత్రమే చెందిన ఒక సంఖ్యను తీయును. పత్రము ఒక పుట ఉన్నను, వేయి పుటలున్నను ఆ సంఖ్య పొడవు ఒక్కటియే. జకార్డు అట్టలలో ఒక్క రంధ్రము తప్పిపోయినచో బుటాలో ఒక్క చోట మాత్రమే తప్పు కనబడును గదా. ఇక్కడ అట్లు కాదు. పత్రములో ఒక్క చుక్క మారినను ఆ సంఖ్య యావత్తు గుర్తుపట్టరానంతగా మారిపోవును. అందుచేత పదివేల రూపాయలను లక్ష రూపాయలుగా ఎవరైన దిద్దినచో, పాత సంతకము కొత్త పత్రమునకు అతకదు.

ఈ సంఖ్యను సంతకము చేయువాని రహస్యపు కీతో కలిపి తిప్పగా వచ్చునదే డిజిటల్ సంతకము. కీలు రెండు ఉండును, జంటగా పుట్టినవి. ఒకటి రహస్యము, సొంతదారు వద్దనే ఉండవలెను. రెండవది బహిరంగము, ఎవరికైనను చూపవచ్చును. రహస్యపు కీతో చేసిన దానిని బహిరంగపు కీతో సరిచూడవచ్చును గాని, బహిరంగపు కీని చేతబట్టుకొని రహస్యపు కీని కనిపెట్టుట సాధ్యపడదు. ఇట్టి జంట కీల ఆలోచనను 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అను ఇద్దరు ప్రకటించిరి. మరుసటి యేట రివెస్టు, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు దానికి ఆచరణయోగ్యమైన సూత్రము కూర్చిరి. ఈ బహిరంగపు కీ ఫలానా మనిషిదే అని ధ్రువపరచు కాగితమే సర్టిఫికెట్టు. దానిని ఇచ్చు సంస్థలకు లైసెన్సులిచ్చి, వానిపై అదుపు ఉంచుటకు కేంద్ర ప్రభుత్వము ఒక కంట్రోలరును నియమించియున్నది.

గణితము ఇంతవరకు గట్టిదే. దొంగలు దానిని పగులగొట్టుటకు ప్రయత్నింపరు, వారికి ఆ అవసరము లేదు. రహస్యపు కీని ఎవరు తిప్పినను సంతకము సరిగనే పడును. చేతి సంతకములో మనిషి చేయి వణకును, వంపు మారును, నిపుణులు చూచి దొంగ సంతకమని చెప్పగలరు. కీతో పెట్టిన సంతకములో ఆ ఆనవాలు ఉండదు. కాబట్టి అసలు ప్రశ్న సంతకమును గూర్చి కాదు, ఆ కీ ఉన్న పెట్టెకు ఎన్ని తాళములు, అవి ఎవరి వద్ద ఉన్నవి అనునదే.

తాళములు మూడు జాతులు. మనకు మాత్రమే తెలిసినది ఒకటి: పిన్, పాస్‌వర్డు. మన వద్ద మాత్రమే ఉన్నది రెండవది: టోకెను, ఫోనులోని సిమ్. మన శరీరమున ఉన్నది మూడవది: వేలిముద్ర, కంటిపాప, ముఖము. బహుళాంశ ధ్రువీకరణమని పెద్ద పేరుతో పిలుచు పద్ధతి యేమనగా, వేర్వేరు జాతులకు చెందిన రెండు తాళములైనను తీసినగాని పెట్టె తెరవకుండుట. వేర్వేరు జాతులు అను మాట ముఖ్యము. పాస్‌వర్డు అడిగి, పిమ్మట తల్లి పుట్టింటి పేరు అడిగినచో అవి రెండు తాళములు కావు. రెండును తెలిసిన మాటలే, ఒకటి చెప్పినవాడు రెండవదియు చెప్పగలడు.

టోకెను విషయము చూతము. ఇది వేలెడంత పరికరము. రహస్యపు కీ దాని లోపలనే ఉండును, బయటికి నకలు తీయుటకు రాదు. సంతకము చేయునపుడు టోకెనును కంప్యూటరుకు తగిలించి, పిన్ కొట్టవలెను. కొన్ని మార్లు తప్పు పిన్ కొట్టినచో అది బిగిసిపోవును. అనగా ఉన్న వస్తువు ఒకటి, తెలిసిన మాట ఒకటి, రెండు జాతుల తాళములు సక్రమముగా ఉన్నవి. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు జీఎస్‌టీ పనులకు ఈ సంతకమునే వాడవలెను. సొంతముగా వ్యాపారము చేయువారు మాత్రము ఓటీపీతో నడుపుకొనవచ్చును.

ఇంత చక్కని ఏర్పాటును మనవారు ఏమి చేయుచున్నారు? టోకెనును, పిన్‌ను కలిపి గుమాస్తాకు ఇచ్చుచున్నారు. పిన్ మరచిపోకుండుటకై చిన్న చీటీ వ్రాసి టోకెనుకే అంటించిన వారును కలరు! రెండు తాళపు చెవులను ఒకే త్రాట గుచ్చి గుమ్మమునకు వ్రేలాడగట్టినట్లున్నది ఇది. గుమాస్తా మంచివాడా, చెడ్డవాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అతడు రేపు పని మానవచ్చును, అతని బల్ల సొరుగు మరియొకరు తీయవచ్చును. చట్టములోని 42వ సెక్షను, సర్టిఫికెట్టుదారు తన రహస్యపు కీని తన అదుపులో ఉంచుకొనుటకు తగిన జాగ్రత్త తీసికొనవలెనని చెప్పుచున్నది. కీ ఇతరుల పాలైనదని సర్టిఫికెట్టు ఇచ్చిన సంస్థకు తెలియజేయువరకు బాధ్యత సర్టిఫికెట్టుదారుదే అనికూడ ఆ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. "నేను పెట్టలేదు, గుమాస్తా పెట్టినాడు" అను మాట అంత సులభముగా చెల్లదు.

సహకార సంఘములకు, ఉత్పత్తిదారుల కంపెనీలకు మా సలహా యేమనగా, పదవిలో ఉన్న ప్రతివాని టోకెను అతని ఇంటనే ఉండవలెను. కార్యాలయమున కాదు. సంతకము చేసిన ప్రతి పత్రమును తేదీతో ఒక పుస్తకములో పద్దు వ్రాయవలెను. పదవి మారిన దినముననే బ్యాంకుకును, ప్రభుత్వ శాఖలకును వ్రాసి పాత వ్యక్తి అధికారమును తీసివేయించవలెను. ఒక అధ్యక్షుడు కాలధర్మము చెందిన పిమ్మట అతని టోకెనుతో పత్రములు పంపుట కొన్ని చోట్ల జరుగుచున్నదని వినుచున్నాము. "ఈ ఒక్కసారికి" అని చేసిన పనియైనను అది చనిపోయినవాని సంతకము పెట్టుటయే. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకమును, పాస్‌వర్డును మోసముతో వాడుట 66సీ సెక్షను క్రింద నేరము. మూడు సంవత్సరముల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

ఆధార్ ద్వారా పెట్టు సంతకమునకు టోకెను అక్కరలేదు. ఆధార్ సంఖ్య ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీనో, వేలిముద్రనో, కంటిపాపనో చూపినచో, లైసెన్సు గల సంస్థ ఆ క్షణముననే మన పేర ఒక కీల జంటను పుట్టించి, పత్రపు సంఖ్యపై సంతకము చేసి, రహస్యపు కీని వెంటనే చెరిపివేయును. సర్టిఫికెట్టు ఆయువు అరగంట మాత్రమే. పెట్టిన సంతకము మాత్రము నిలిచియుండును. పత్రము ఆ సంస్థకు పోదు, దాని సంఖ్య మాత్రమే పోవును. ఊరూరు తిరుగు మన వారికి ఇది గొప్ప సౌకర్యమనుటలో సందేహము లేదు.

కాని తాళములు లెక్కింపుడు. ఆధార్ సంఖ్య రహస్యమా? రేషను దుకాణము మొదలు నూలు దుకాణము వరకు దాని జెరాక్సు ఇచ్చియున్నాము. కాబట్టి అది తాళము కాదు, ఇంటి నెంబరు వంటిది. మిగిలినది ఓటీపీ ఒక్కటియే. సర్టిఫికెట్టు ఇచ్చు సంస్థ వద్ద ముందుగా ఖాతా తెరచుకొన్నవారు పిన్, ఓటీపీ రెండింటితోను సంతకము చేయవచ్చును. అది మేలైన పద్ధతి. తరచుగా సంతకము చేయువారు దానిని కోరుకొనుట మంచిది.

ఓటీపీకి మరియొక లోపము కలదు. అది మనిషిని గుర్తించును గాని, పత్రమును చదివి వినిపింపదు. సందేశములో అంకెలు ఉండును. ఏ పత్రమునకు అవి వాడబడుచున్నవో ఎదుటివాని తెరమీదనే ఉండును. పదివేల రూపాయల అప్పని చెప్పి లక్ష రూపాయల పత్రమును తెరమీద ఉంచినను, మన ఓటీపీ దానికే చక్కగా అతుకును. గణితము దానిని కాపాడును గూడ! మన వారికి ఈ ప్రమాదము రెండింతలు. ఇంట తెలుగు, పత్రమున మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియాయో, ఇంగ్లీషో. భాష చదువనేర్చిన పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొత్తము ఎంత, వడ్డీ ఎంత, హామీదారు ఎవరు అను మూడు సంగతులైనను చదివించుకొన్న పిమ్మటనే అంకెలు కొట్టవలెను. ఆ అంకెలు మనమే కొట్టవలెను, నోటితో చెప్పకూడదు. ఏ బ్యాంకువాడును, ఏ ఆఫీసువాడును ఫోనుచేసి వానిని అడుగుటకు హక్కు లేదు.

వలస వచ్చిన కుటుంబములలో మేము ముఖ్యముగా గమనించునది పాత ఫోను నెంబరు. ఆధార్ తీసికొన్ననాడు స్వగ్రామమున వాడిన నెంబరు అందులో ఉండును. ఇక్కడికి వచ్చి కొత్త సిమ్ తీసికొందురు, పాతది రీచార్జి లేక ఆగిపోవును. ఆగిపోయిన నెంబరును కొంతకాలము గడచిన పిమ్మట కంపెనీలు వేరొకరికి ఇచ్చుచున్నవి. అప్పుడు మన ఓటీపీ ఎవరి ఫోనున మ్రోగునో ఊహించుకొనుడు. ఆధార్ కేంద్రమునకు పోయి నేటి నెంబరును ఎక్కించుకొనుట ఒక పూట పని.

ఇక వేలిముద్ర. ఇది మనకు కొత్త కాదు. చదువురాని పెద్దలు నిశానీ వేసిన దస్తావేజులు అనేక గృహములలో ఉండియుండును. 1858లో బెంగాలులోని జంగీపూరున విలియం హెర్షెల్ అను అధికారి, రోడ్డుకు కావలసిన సామాను సరఫరా చేయుటకు ఒప్పుకొన్న రాజ్యధర్ కోనాయ్ అను కాంట్రాక్టరు చేత ఒప్పందపు కాగితము వెనుక అరచేతి ముద్ర వేయించెను. ఆ సంతకము నాది కాదని అతడు తరువాత అనకుండుటకే ఆ యేర్పాటు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసినది. అనగా సంతకమునకు మనిషి చేతినే సాక్షిగా నిలుపు పద్ధతి మన దేశముననే వేళ్లూనినది.

కంప్యూటరు వేలిముద్రను చూచు తీరు వేరు. పిన్ కొట్టినచో సరియా, తప్పా రెండే మాటలు. వేలిముద్రకు అట్లు కాదు. గీతలు చీలు చోట్లు, ఆగు చోట్లు పోల్చి, ఇంతవరకు సరిపోయినది అని ఒక అంచనా వేసి, నిర్ణయించిన హద్దు దాటినచో ఒప్పుకొనును. హద్దు కఠినము చేసినచో సొంతదారునే త్రోసివేయును, సడలించినచో పరాయివానిని రానిచ్చు భయము కలదు. మగ్గముపై దినమంతయు నూలు రాపిడి, గంజి, రంగు, క్షారములలో నానిన మన వ్రేళ్లకు గీతలు అరిగియుండుటచేత ఈ కష్టము ఎక్కువ. అతుకులు వేసి వేసి చూపుడు వ్రేలు, బొటనవ్రేలు నున్నబడినవారు మనలో ఎందరు లేరు!

రెండవ చిక్కు ఇంకను పెద్దది. పిన్ దొంగిలింపబడినచో మార్చుకొందుము. వ్రేలిని మార్చుకొనలేము. పైగా వేలిముద్ర రహస్యమును కాదు. ఆస్తి బదిలీ దస్తావేజులపై చట్టప్రకారమే వేలిముద్రలు వేయుచున్నాము. 2018లో తెలంగాణములోని పెద్దపల్లి జిల్లా ధర్మారమున ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజుల నకళ్లు దింపి, వానిపై ఉన్న వేలిముద్రలను రబ్బరు ముద్రలు చేయు యంత్రముతో తయారుచేసి, ఇతరుల పేర వేల సంఖ్యలో సిమ్ కార్డులు తెరచిన సంగతిని పోలీసులు బయటపెట్టిరి. దస్తావేజున ఆధార్ సంఖ్యయు, వేలిముద్రయు ప్రక్కప్రక్కనే ఉండెను. అతనికి ఇంకేమియు అక్కరలేకపోయెను. గ్రామములలో ఆధార్ సంఖ్య, వేలిముద్ర చూపి బ్యాంకు సొమ్ము తీయు చిన్న యంత్రములపైనను ఇదే రీతి మోసములు తరువాతి సంవత్సరములలో జరిగినవి.

ఈ దెబ్బల పిమ్మట 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ కొత్త యేర్పాటు ప్రకటించినది. గీతల స్థానములతోపాటు వ్రేలి చిత్రమును కూడ పరిశీలించి, ఎదుట ఉన్నది ప్రాణమున్న వ్రేలా, అచ్చు పోసిన బొమ్మా అని తేల్చుట దాని పని. ఇది మంచిదే. అయినను వేలిముద్ర ఒక్కటియే ఉన్నచోట తాళము ఒక్కటియే అను లెక్క మారలేదు. బయోమెట్రిక్ అనగానే అన్నిటికంటె గట్టిదని నమ్ముట సరికాదని మా అభిప్రాయము. టోకెనుకో, పిన్‌కో తోడుగా ఉన్నప్పుడు అది చాల గట్టిది. ఒంటరిగా ఉన్నప్పుడు, జెరాక్సు తీయదగిన తాళపు చెవి.

ఫోను తెరచుటకు వాడు వేలిముద్రను మాత్రము దీనితో కలుపరాదు. ఆ ముద్ర ఫోనులోని ప్రత్యేకమైన అరలోనే ఉండును, బయటికి పోదు. అది పనిచేయవలెనన్న ఫోనును మన చేతనే ఉండవలెను. కనుక వస్తువు, వ్రేలు రెండును కలిసినవి. ఇక్కడి లోపము మన ఇండ్లలోనే ఉన్నది. తాతగారి ఫోనులో మనుమని వ్రేలు కూడ ఎక్కించియుండును, ఆటలు ఆడుకొనుటకు. ఫోను దృష్టిలో ఆ రెండు వ్రేళ్లకును భేదము లేదు. తాత అప్పు పత్రమునకు మనుమని వ్రేలు చాలును. ఫోను సెట్టింగులు తీసి, అందులో ఎన్ని వ్రేళ్లు నమోదైయున్నవో నేడే లెక్కచూచుకొనుడు.

ఆధార్ వేలిముద్రను తరచుగా వాడనివారు ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనో, ఫోను యాప్‌లోనో బయోమెట్రిక్‌కు తాళము వేసికొనవచ్చును. తాళము వేసినప్పుడు వేలిముద్ర, కంటిపాప, ముఖము ఏవియు పనిచేయవు. ఓటీపీ పనిచేయును. పని పడినప్పుడు కొద్ది నిమిషములపాటు తెరచి, పని ముగియగానే అది తిరిగి మూసికొనునట్లు చేయవచ్చును. రుసుము లేదు. మన ఆధార్‌ను గత ఆరు నెలలలో ఎప్పుడెప్పుడు సరిచూచిరో చూపు పట్టికయు అక్కడనే దొరకును. నెలకొక పర్యాయము దానిని చూచుట చిట్టా ఆవర్జా సరిచూచుకొనుట వంటిది. 12 అంకెల ఆధార్ సంఖ్యకు బదులు, మార్చుకొనుటకు వీలగు 16 అంకెల వర్చువల్ సంఖ్యను ఇచ్చుటయు మంచిదే.

టోకెను పోయినచో, పిన్ బయటపడినచో, ఆ గంటలోనే సర్టిఫికెట్టు ఇచ్చిన సంస్థకు తెలిపి దానిని రద్దు చేయింపవలెను. పైన చెప్పిన 42వ సెక్షను దృష్ట్యా తెలిపిన సమయమే మనకు రక్షణ, కాబట్టి ఫోనుతో చెప్పి ఊరకుండక ఈ-మెయిలు కూడ పంపి, దానిని భద్రపరచుకొనవలెను. సొమ్ము పోయినచో 1930 నెంబరుకు వెంటనే ఫోను చేయవలెను. ఆధార్ సంబంధమైన సందేహములకు 1947 నెంబరు కలదు.

వ్రేళ్లు అరిగి యంత్రము ఒప్పుకొనని వృద్ధులు ఈ ప్రాంతములలో చాలమంది ఉన్నారు. "ముద్ర పడుటలేదు" అని తిరిగి వచ్చి, పొరుగువాని సహాయమున ఏదో ఒక విధముగ పని జరుపుకొనవద్దని వారికి మా మనవి. పది వ్రేళ్లలో బాగుగా పనిచేయు వ్రేలు ఏదో చూపు పరీక్ష యంత్రములలోనే కలదు, దానిని చేయింపుమని అడుగుడు. చేతులు కడిగి, గంజి పోవునట్లు తుడిచికొని, కొంచెము తడి ఆరిన పిమ్మట వ్రేలు పెట్టవలెను. అప్పటికిని పడనిచో కంటిపాపతోనో, ముఖముతోనో, ఓటీపీతోనో ధ్రువీకరింపుమని కోరవచ్చును. ఆధార్ కేంద్రమున వ్రేళ్ల నమోదును కొత్తగా చేయించుకొనుటయు మేలు, మగ్గపు పని రెండు మూడు దినములు ఆపి, వ్రేళ్లకు కొబ్బరినూనె పట్టించి పోయినచో గీతలు కొంత తేటగా వచ్చును.